మూడడుగుల తీగ: కేబుల్ మోడెం, ఇంటి ఫైర్‌వాల్, ఒక సరిహద్దు చరిత్ర

కేబుల్ ఇంటర్నెట్ ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన తారకమంత్రం ఒకటుంది. నెట్ ఆగిపోతే మోడెంకు కరెంటు తీసెయ్యాలి, అరనిమిషం ఆగి మళ్ళీ పెట్టాలి, దాని దీపాలన్నీ నిలకడగా వెలిగిన తరవాతే ఫైర్‌వాల్‌నో రౌటర్‌నో ఆన్ చెయ్యాలి. వరస తప్పితే ఫలితం ఉండదు. కంపెనీకి ఫోను చేసినా అటువైపు గొంతు ఈ మంత్రాన్నే చదువుతుంది. చాలాసార్లు పనిచేస్తుంది కనక ఎందుకు పనిచేస్తుందని అడిగేవాళ్ళు తక్కువ. వైద్యవృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఇటువంటి మందుల మీద నాకు గౌరవమూ ఉంది, అనుమానమూ ఉంది. కారణం తెలియకుండా వాడే మందు పనిచేసినన్నాళ్ళూ ఇబ్బంది లేదు. పనిచెయ్యని రోజున మాత్రం తరవాత ఏం చెయ్యాలో తోచదు.

మోడెంకీ ఫైర్‌వాల్‌కీ మధ్య ఉండేది మూడడుగుల ఈథర్‌నెట్ తీగ. దానికి అటూ ఇటూ ఉన్న పెట్టెలు రెండూ ఆరోగ్యంగానే ఉండి, వాటి మధ్య మాట కలవకపోవడం తరచుగా జరిగే సంగతి. ఆ రెండు పెట్టెలూ రెండు వేరువేరు వంశాలకు వారసులు. ఒకటి టెలివిజన్ బొమ్మను ఇంటింటికీ పంచే వ్యాపారంలో పుట్టింది. రెండోది ఒకరినొకరు ఎరిగిన పరిశోధకుల నెట్‌వర్క్‌లో పుట్టింది. ఈ రోజు ఇంట్లో మనం చేసే మరమ్మతులో దాదాపు ప్రతి మెట్టు వెనకా ఎవరో ఎప్పుడో చేసుకున్న ఒప్పందం ఒకటుంది. ఆ ఒప్పందాలు తెలిస్తే మంత్రం తర్కంగా మారుతుంది. మన ఇంటి హద్దు ఎక్కడ మొదలవుతుంది, దానికి కాపలా ఎవరు అన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ తీగ దగ్గరే దొరుకుతుంది.

కొండ మీది యాంటెన్నా

కేబుల్ కథ 1948లో మొదలవుతుంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో మహనోయ్ సిటీ అనే చిన్న ఊరి చుట్టూ కొండలు. ఫిలడెల్ఫియా టెలివిజన్ స్టేషన్ల సంకేతాలు ఆ కొండలు దాటి ఊళ్ళోకి దిగేవి కావు. అక్కడ విద్యుత్ పరికరాల దుకాణం నడిపే జాన్ వాల్సన్‌కు టీవీలు అమ్ముడుపోకపోవడం పెద్ద బెంగ. ఆయన కొండ మీద యాంటెన్నా నిలబెట్టి అక్కణ్ణుంచి ఊళ్ళోకి తీగ లాగాడు. అదే ఏడాది దేశానికి మరో చివర, ఆరెగాన్ రాష్ట్రంలోని ఆస్టోరియాలో, ఎడ్ పార్సన్స్ ఒక హోటలు కప్పు మీద యాంటెన్నా పెట్టి, నూరు మైళ్ళకు పైబడిన దూరంలో ఉన్న సియాటిల్ స్టేషన్‌ను పట్టుకుని, తీగ వెంట ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ పైన ఇరుగుపొరుగులకు పంచాడు. ఎవరు ముందన్నది చరిత్రకారుల మధ్య తెగని తగాదా. తొంభైల్లో మన ఊళ్ళల్లో డాబా మీద డిష్ పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా వీధివీధికీ తీగలు లాగిన కేబుల్ ఆపరేటర్లను చూసినవారికి ఈ దృశ్యం కొత్తది కాదు.

ఈ పుట్టుక నుంచి కేబుల్‌కు మూడు లక్షణాలు సంక్రమించాయి. మొదటిది, ప్రవాహం ఒకే దిశలో ఉంటుంది: కొండ మీంచి ఇంటికి. రెండోది, తీగ ఉమ్మడి ఆస్తి. ఒక వీధిలోని ఇళ్ళన్నీ ఒకే మాను కొమ్మలు. మూడోది, అధికారం మొత్తం కంపెనీది. ఎవరింటికి ఏ ఛానెల్ వెళ్ళాలో, ఎన్ని టీవీలకు ఎంత రుసుమో నిర్ణయించేది కొండ మీద ఉన్నవాడు.

ఇంటర్నెట్‌కు మాత్రం రెండు దిశలూ కావాలి. ఇంటి నుంచి వెనక్కి వెళ్ళే మాటకు కేబుల్‌లో మిగిలిన చోటు చాలా ఇరుకు. అమెరికాలో టీవీ రెండో ఛానెల్ 54 మెగాహెర్ట్‌జ్ దగ్గర మొదలవుతుంది కనక, దానికి దిగువన ఉన్న 5 నుంచి 42 మెగాహెర్ట్‌జ్ దాకా ఉన్న పట్టీని తిరుగుదారికి కేటాయించారు. లారీ డ్రైవర్ల సీబీ రేడియోలు, పొట్టి తరంగాల ప్రసారాలు, మోటార్ల రొద అన్నీ తిరిగే చోటు కూడా అదే. కిందికి వచ్చేటప్పుడు ఒక సంకేతం వందల ఇళ్ళకు చీలుతుంది. పైకి వెళ్ళేటప్పుడు వందల ఇళ్ళలోని రొద గరాటాలో పడినట్టు ఒకచోటికి చేరుతుంది. పక్కింటివారి వదులు కనెక్టరు లోంచి చొరబడ్డ రొద మన మోడెం గొంతును ముంచెయ్యగలదు. మోడెం మొరాయించినప్పుడు టెక్నీషియను వచ్చి మొదట గోడ దగ్గరి కనెక్టర్లను బిగించి చూసేది అందుకే.

ఎరిగినవాళ్ళ ఊరు

రెండో వంశం స్వభావం ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఇంటర్నెట్ తొలిరోజుల్లో దానికి తగిలించిన కంప్యూటర్లన్నీ సమానులు. ఎవరు ఎవరినైనా పలకరించవచ్చు. తెలివంతా కొసల్లో ఉండాలి, మధ్యనున్న నెట్‌వర్క్ మాటను మోసుకుపోతే చాలు అన్న సూత్రాన్ని సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ 1984లో ప్రచురించిన వ్యాసంలో శాస్త్రబద్ధం చేశారు. తలుపులకు గడియలు లేని ఊరది. అందరూ అందరికీ తెలుసు.

ఆ ఊరి నమ్మకం 1988 నవంబరు 2న చెదిరింది. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టప్పన్ మోరిస్ వదిలిన పురుగు ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి తనంతట తాను పాకింది. అప్పటికి నెట్‌లో ఉన్న యంత్రాలు దాదాపు 60 వేలు. వాటిలో 6 వేలకు సోకిందని అంచనా. అంటువ్యాధుల పాఠం కంప్యూటర్ శాస్త్రజ్ఞులకు ఆ వారంలో అర్థమైంది. వచ్చిపోయే ప్యాకెట్లను వడగట్టే ఏర్పాట్లు డిజిటల్ ఎక్విప్‌మెంట్ వంటి సంస్థల్లో ఆ రోజుల్లోనే రూపుదిద్దుకుంటున్నాయి. 1994లో చెస్విక్, బెలోవిన్‌లు రాసిన గ్రంథం ఈ విద్యకు పాఠ్యపుస్తకం అయింది. అదే ఏడాది ఇజ్రాయెల్‌కు చెందిన చెక్ పాయింట్ సంస్థ ఫైర్‌వాల్-1ను విడుదల చేసింది.

ఫైర్‌వాల్ అన్న మాట కట్టడాల నుంచి వచ్చింది. వరసగా అతుక్కుని ఉన్న ఇళ్ళలో ఒకదానికి నిప్పంటుకుంటే పక్కదానికి పాకకుండా మధ్యన కట్టే దళసరి గోడ అది. దొంగలను ఆపడానికి కట్టే ప్రహరీ వేరు. ఈ తేడా గుర్తుంచుకోదగ్గది. పైగా కంప్యూటర్ ఫైర్‌వాల్ నిజానికి గోడ కన్నా గడప దగ్గర కూర్చున్న కావలివాడికి దగ్గర. లోపలివారు ఎవరు, ఎప్పుడు, ఎవరిని పలకరించడానికి బయటికి వెళ్ళారో చిట్టాలో రాసుకుంటాడు. బయటినుంచి వచ్చినవాడు ఆ పలకరింపుకు జవాబు తెచ్చినవాడైతే లోపలికి వదులుతాడు. పిలవని పేరంటమైతే తలుపు తెరవడు. చిట్టా పెట్టుకోవడమే ఆధునిక ఫైర్‌వాల్‌కు ప్రాణం.

తాత్కాలిక ఉపాయం

ఈలోగా మరో కొరత ముంచుకొచ్చింది. 1981లో ఖరారైన ఇంటర్నెట్ చిరునామా 32 బిట్లది. అంటే మొత్తం చిరునామాలు 429 కోట్ల చిల్లర. పరిశోధనశాలలకు అది అక్షయపాత్ర. ప్రపంచంలోని ఇళ్ళన్నిటికీ చాలదు. 1994 మే నెలలో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఆర్‌ఎఫ్‌సీ 1631 అనే పత్రంలో ఒక ఉపాయం ప్రతిపాదించారు. లోపలి యంత్రాలు వాడుకునే చిరునామాలు బయటి ప్రపంచానికి కనిపించనక్కరలేదు. గడప దగ్గరి పెట్టె లోపలి చిరునామాను బయటి చిరునామాగా మార్చి పంపాలి. జవాబు వచ్చినప్పుడు ఎవరిదో చూసి లోపలివారికి అందించాలి. దీన్నే నాట్ అంటారు. ఇది స్వల్పకాలిక పరిష్కారం మాత్రమేనని ఆ పత్రమే చెప్పుకుంది. 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 ఇంటి లోపల ఎవరైనా వాడుకోదగ్గ చిరునామాలను విడిగా కేటాయించింది. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి ఆ కోవలోవి. మన ఇళ్ళల్లో నేటికీ కనిపించే 192.168 అప్పటిదే.

మార్పిడి చెయ్యాలంటే ఎవరు బయటికి వెళ్ళారో రాసుకోక తప్పదు. ఆ రాత వల్ల పిలవనివాడికి దారి దొరకదు. అంటే కొరత తీర్చడానికి పెట్టిన చిట్టా అనుకోకుండా కాపలా కూడా కాసింది. ఈ అనుకోని కాపలా సంగతి మళ్ళీ వస్తుంది.

మొదట చూసిన ముఖం

మసాచుసెట్స్‌లోని లాన్‌సిటీ సంస్థలో రౌజ్‌బె యాసినీ బృందం తొలి కేబుల్ మోడెంలను తయారుచేసింది. అప్పట్లో ఒక్కో తయారీదారుది ఒక్కో భాష. కేబుల్ కంపెనీలన్నీ కలిసి కేబుల్‌ల్యాబ్స్ సంస్థ ద్వారా ఉమ్మడి ప్రమాణాన్ని తయారుచేయించి, 1997 మార్చిలో డాక్సిస్ 1.0గా వెలువరించాయి. అదే నెలలో ఇంటర్నెట్ వైపు డీహెచ్‌సీపీ ప్రమాణపు ఖరారు రూపం, ఆర్‌ఎఫ్‌సీ 2131, వెలువడింది. యంత్రం నెట్‌కు తగలగానే తనకొక చిరునామా అడిగి, కొంత గడువుకు అద్దెకు తీసుకునే పద్ధతి అది. ఈ రెండు పత్రాలూ కలిసే చోటే మన మూడడుగుల తీగ.

డాక్సిస్ మోడెం మేలుకునే తీరు ఆసక్తికరం. మొదట కిందికొచ్చే ఛానెళ్ళను ఒక్కటొక్కటే వెతికి ఒకదాన్ని పట్టుకుంటుంది. పైకి మాట్లాడడానికి ఏ స్థాయిలో గొంతు పెట్టాలో కంపెనీ యంత్రంతో బేరమాడి కుదుర్చుకుంటుంది. తనకొక చిరునామా తీసుకుంటుంది. కంపెనీ నుంచి ఒక కాన్ఫిగరేషన్ ఫైలు దించుకుని, అందులో రాసిన షరతులకు ఒప్పుకుని నమోదవుతుంది. అప్పుడు గాని దీపాలు నిలకడగా వెలగవు. మోడెం మనం కొనుక్కున్నదైనా సరే ఆ ఫైలు కంపెనీది. దాని లోపలి సాఫ్ట్‌వేర్‌ను మార్చే హక్కు కూడా కంపెనీదే.

ఆ ఫైలులో ఒక అంకె ఉంటుంది: ఈ మోడెం వెనక ఎన్ని యంత్రాలకు అనుమతి ఉంది అని. ఏమీ రాయకపోతే ఒకటి అని అర్థం. ప్రతి ఈథర్‌నెట్ పరికరానికీ పుట్టుమచ్చలాంటి 48 బిట్ల హార్డ్‌వేర్ చిరునామా ఉంటుంది. మేలుకున్న మోడెం ఇంటివైపు తీగ మీద మొదట ఎవరి పుట్టుమచ్చ చూస్తుందో వారిని గుర్తుపెట్టుకుంటుంది. అంకె నిండాక కొత్తగా వచ్చినవారిని చేర్చుకోదు. పాతవారిని తీసేసి ఆ చోట కొత్తవారిని పెట్టుకోదు. ఈ జ్ఞాపకం కరెంటు ఉన్నంతసేపే. ప్రమాణమే అలా నిర్దేశించింది.

తారకమంత్రం గుట్టు ఇదే. పాత రౌటర్ తీసి కొత్త ఫైర్‌వాల్ తగిలించినప్పుడు మోడెం జ్ఞాపకంలో ఉన్నది పాత ముఖం. కొత్తది ఎన్నిసార్లు చిరునామా అడిగినా మోడెం ఆ మాటను పైకి చేరవెయ్యదు. కరెంటు తీస్తే జ్ఞాపకం చెరుగుతుంది. మళ్ళీ మేలుకున్నప్పుడు తీగ మీద ఫైర్‌వాల్ ఒక్కటే ఉంటే దాన్నే యజమానిగా గుర్తిస్తుంది. ఫోను సౌకర్యం కూడా ఉన్న మోడెంలలో కొన్నిటికి లోపల బ్యాటరీ ఉంటుంది. గోడ ప్లగ్గు పీకినా అవి నిద్రపోవు, జ్ఞాపకమూ చెరగదు. మంత్రం చదివినా ఫలించకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. బ్యాటరీని కూడా తియ్యాలి.

ఇరుగుపొరుగులు, చిన్న రౌటర్లు

తొంభైల చివర కేబుల్ ఇంటర్నెట్ పెట్టించుకున్నవారు విండోస్ 98లో నెట్‌వర్క్ నైబర్‌హుడ్ బొమ్మను నొక్కితే అందులో నిజంగానే ఇరుగుపొరుగు కనిపించేది. వీధి వీధంతా ఉమ్మడి తీగ మీద ఉంది కనక పక్కింటివారి ప్రింటరు, ఎదురింటివారి ఫైళ్ళ సంచి తెరిచి ఉంటే వాటి పేర్లు మన తెర మీద కనబడేవి. కేబుల్ వంశపు ఉమ్మడితనం, ఇంటర్నెట్ వంశపు నమ్మకం కలిస్తే పుట్టిన బిడ్డ అది. కంపెనీలు తరవాత ఆ రకం ప్యాకెట్లను మోడెం దగ్గరే ఆపడం మొదలుపెట్టాయి.

కంపెనీల ఆలోచనలో ఇంటికి కంప్యూటర్ ఒకటే. రెండోది కావాలంటే, రెండో టీవీకి లాగే, నెలకు కొంత అదనం. ఈ లెక్కను తలకిందులు చేసింది ఇంటి రౌటర్. తైవాన్ నుంచి వచ్చి కాలిఫోర్నియాలో స్థిరపడిన విక్టర్, జేనీ సావ్ దంపతుల లింక్‌సిస్ సంస్థ 2000 సంవత్సరం ప్రాంతంలో అమ్మిన చిన్న రౌటర్ నాట్ విద్యను సామాన్య గృహస్థుకు అందించింది. లోపల నాలుగు కంప్యూటర్లున్నా మోడెంకు కనిపించేది ఒకే ముఖం. పాత కంప్యూటర్ పుట్టుమచ్చనే కంపెనీ తన పుస్తకంలో రాసుకున్నా బాధ లేదు. రౌటర్ దాన్ని తన ముఖం మీద దిద్దుకుంటుంది. అదే నేటికీ ప్రతి ఫైర్‌వాల్‌లో కనిపించే మ్యాక్ క్లోన్ అన్న అంశం. హోస్ట్‌నేమ్ అన్న గడి కూడా ఆ కాలపు శిలాజమే. నాటి ఎట్‌హోమ్ నెట్‌వర్క్ ప్రతి చందాదారుకూ ఒక కంప్యూటర్ పేరు కేటాయించేది. ఆ పేరు చెప్పనిదే చిరునామా ఇచ్చేది కాదు. ఆ సంస్థ 2001లో దివాలా తీసింది. గడి మాత్రం మిగిలింది.

2003లో సిస్కో లింక్‌సిస్‌ను కొన్నది. అదే ఏడాది మాన్యుయెల్ కాస్పర్ మొదలుపెట్టిన మొనోవాల్, దాని నుంచి 2004లో చీలిన పీఎఫ్‌సెన్స్ వచ్చాక, పాత కంప్యూటర్‌లో రెండు నెట్‌వర్క్ కార్డులు పెట్టుకున్న ఎవరికైనా పెద్ద సంస్థల స్థాయి కావలివాడు ఉచితంగా దొరికాడు. మన తెలుగు ఇంజనీర్ల ఇళ్ళల్లో అటక మీదో గరాజ్ మూలనో గుయ్యిమంటూ ఉండే పెట్టెల్లో కొన్ని ఈ సంతతివే.

రోగ నిర్ధారణ

ఈ చరిత్ర చేతిలో ఉంటే పరీక్ష సులభమవుతుంది. నాడి చూడవలసిన చోటు ఒకటే: ఫైర్‌వాల్ బయటివైపుకు దొరికిన చిరునామా.

చిరునామా ఏమీ లేకపోయినా, 169.254తో మొదలైనా, ఫైర్‌వాల్ అడిగింది గాని ఎవరూ పలకలేదు అని అర్థం. తీగ చెడిపోయి ఉండాలి. లేదా మోడెం పాత ముఖాన్ని పట్టుకుని ఉండాలి. తీగ మార్చి చూడడం, మోడెం జ్ఞాపకం చెరపడం ఇక్కడి చికిత్స.

192.168.100తో మొదలైతే సంగతి వేరు. మోడెం తన సొంత స్థితిని చూపే పేజీ 192.168.100.1 దగ్గర ఉంటుంది. కేబుల్‌వైపు సంబంధం కుదరనప్పుడు చాలా మోడెంలు ఈ వరసలోంచి తామే ఒక తాత్కాలిక చిరునామా ఇస్తాయి. ఫైర్‌వాల్ దాన్నే నిజమనుకుని తీసుకుని, కేబుల్ తిరిగి వచ్చాక కూడా కొన్నిసార్లు దాన్ని వదలదు. అందుకే కొన్ని ఫైర్‌వాల్‌లలో ఈ చిరునామా నుంచి వచ్చే అద్దెను తిరస్కరించే అంశం పెట్టారు. మోడెం కన్నా ముందు ఫైర్‌వాల్‌ను లేపితే వచ్చే చిక్కు కూడా ఇదే. మంత్రంలో వరస ఎందుకో ఇక్కడ తెలుస్తుంది.

ఈ స్థితిలో ఫైర్‌వాల్‌ను ఎంత సవరించినా లాభం లేదు. మోడెం పేజీ తెరిచి కొలతలు చూడాలి. కిందికొచ్చే సంకేతం ప్రమాణం ప్రకారం మైనస్ 15 నుంచి ప్లస్ 15 డెసిబెల్ మిల్లీవోల్టుల మధ్య ఉండాలి. సున్నాకు దగ్గరైతే మేలు. పైకి పంపే సంకేతం యాభై దాటి ఎగబాకుతూ ఉంటే మోడెం గొంతు చించుకుని అరుస్తోందన్నమాట. తీగను రెండుగా చీల్చే ఒక్కో స్ప్లిటరూ సుమారు 3.5 డెసిబెళ్ళు మింగేస్తుంది. ఎప్పుడో తీసేసిన టీవీల కోసం గోడల్లో మిగిలిపోయిన స్ప్లిటర్లు ఎన్నో ఇళ్ళకు దీర్ఘవ్యాధి.

192.168.0, 192.168.1, 10.0.0 వంటి ఇంటి చిరునామా బయటివైపు కనబడితే, ముందున్నది ఒట్టి మోడెం కాదు, రౌటర్ కూడా అయిన పెట్టె. కావలివాడికి ముందు మరో కావలివాడు. లోపలా బయటా ఒకే వరస చిరునామాలైతే ఫైర్‌వాల్‌కు ఇల్లేదో వీధేదో తెలియక పూర్తిగా ఆగిపోతుంది. కంపెనీ పెట్టెను బ్రిడ్జ్ స్థితికి మార్చడం మందు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న చిరునామా అయితే, కంపెనీయే ఊరంతటికీ కలిపి నాట్ చేస్తోంది. 2012లో ఆ వరసను ఇందుకోసమే కేటాయించారు. దానికి ఇంట్లో మందు లేదు.

అసలైన బయటి చిరునామా దొరికి కూడా ఏ పేజీ తెరుచుకోకపోతే, ముందు కంపెనీ గేట్‌వేను, తరవాత 8.8.8.8 వంటి అంకెల చిరునామాను, చివరికి పేరుతో ఒక చోటును పలకరించాలి. అంకెలు పలికి పేర్లు పలకకపోతే తప్పు డీఎన్ఎస్‌ది.

జ్వరం ఒక లెక్క ప్రకారం వస్తుంటే, ఆ లెక్కే రోగం పేరు చెబుతుంది. మూడురోజుల కొకసారి వచ్చే చలిజ్వరాన్ని చూసి పాత వైద్యులు మలేరియా రకం చెప్పేవారు. ఇక్కడా అంతే. ఎండ ముదిరినప్పుడో వాన కురిసినప్పుడో ఆగితే లోపం బయటి కేబుల్‌ది. గడియారం పెట్టినట్టు ఒకే వ్యవధికి ఆగితే డీహెచ్‌సీపీ అద్దెను అనుమానించాలి. గడువులో సగం గడిచాక ఫైర్‌వాల్ అద్దె పొడిగింపు అడుగుతుంది. పలుకు రాకపోతే గడువులో 87.5 శాతం గడిచాక అందరికీ వినబడేలా కేక వేస్తుంది. కంపెనీ డీహెచ్‌సీపీ యంత్రం తరచుగా 10తో మొదలయ్యే లోపలి చిరునామాలో ఉంటుంది. బయటినుంచి ఇంటి చిరునామాలతో వచ్చే ప్యాకెట్లన్నిటినీ ఆపాలన్న నియమం కొన్ని ఫైర్‌వాల్‌లలో ఆ జవాబును కూడా మింగేస్తుంది. అప్పుడు గడువు తీరిన ప్రతిసారీ నెట్ ఆగుతుంది, పునఃప్రారంభిస్తే వస్తుంది, మళ్ళీ ఆగుతుంది.

ఒక హెచ్చరిక. లోపం మోడెందా ఫైర్‌వాల్‌దా తేల్చడానికి చాలామంది ల్యాప్‌టాప్‌ను నేరుగా మోడెంకు తగిలించి చూస్తారు. మంచి పరీక్షే; కాని పరీక్షే రోగిని మార్చేస్తుంది. మోడెం ఇప్పుడు ల్యాప్‌టాప్ ముఖాన్ని నేర్చుకుంటుంది. ఫైర్‌వాల్‌ను తిరిగి తగిలించి చూసి, పనిచెయ్యలేదు కనక లోపం దీనిదే అని తేల్చెయ్యడం ఆ జ్ఞాపకాన్ని మరిచిపోవడం. ప్రతి మార్పు తరవాతా మోడెంను నిద్రపుచ్చి లేపాలి.

అనుకోని కాపలా

2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు విండోస్ కంప్యూటర్లను పట్టింది. ఎవరూ ఏ లంకెనూ నొక్కనక్కరలేదు. నెట్‌కు నేరుగా తగిలి ఉంటే చాలు. మరుసటి ఏడు, సవరణలు వెయ్యని విండోస్ యంత్రం నెట్‌లో సోకకుండా మనగలిగే సగటు సమయం 20 నిమిషాలని సాన్స్ సంస్థ లెక్కగట్టింది. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో గాని విండోస్‌లో ఫైర్‌వాల్ తనంతట తాను పనిచెయ్యడం మొదలుకాలేదు. ఆ మధ్యకాలంలో లక్షల ఇళ్ళను కాచింది చిరునామాల కొరత తీర్చడానికి పెట్టిన నాట్ చిట్టాయే. అప్పటినుంచి నాట్ ఉంటే ఫైర్‌వాల్ ఉన్నట్టే అన్న భావన జనంలో స్థిరపడిపోయింది.

ఆ భావనకు ఇప్పుడు పరీక్షాకాలం. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ చిరునామాల ఉమ్మడి గాదె ఖాళీ అయింది. ఉత్తర అమెరికా గాదె 2015 సెప్టెంబరులో. 128 బిట్ల కొత్త చిరునామాల పద్ధతి, ఐపీవీ6, విస్తరిస్తోంది. దాని కింద ఇంట్లోని ప్రతి ఫోనుకూ, కెమెరాకూ, బీపీ కొలిచే యంత్రానికీ సొంత బయటి చిరునామా ఉంటుంది. నాట్ అవసరం లేదు. 1984 నాటి సమానత్వం తిరిగి వస్తుంది. దానితోపాటే గడియలేని తలుపూ తిరిగి రావచ్చు. ఐపీవీ6 వైపు చిట్టా పెట్టుకునే నియమం విడిగా రాసి ఉండాలి. 2011 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6092 ఇంటి గేట్‌వేలకు ఈ సలహాలనే ఇచ్చింది. ఫైర్‌వాల్ కొనేటప్పుడు, మార్చేటప్పుడు గృహస్థు అడగవలసిన ప్రశ్న ఇది.

కాపలావాడే రోగి అయ్యే సందర్భాలూ ఉన్నాయి. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే దుష్టసాఫ్ట్‌వేర్ 54 దేశాల్లో 5 లక్షల ఇంటి రౌటర్లకు, చిన్న పరికరాలకు సోకిందని తేలింది. రౌటర్లను ఒకసారి ఆపి మళ్ళీ పెట్టమని అమెరికా ఎఫ్‌బీఐ ప్రజలను కోరింది. తారకమంత్రాన్ని ప్రభుత్వమే చదివిన సందర్భమది. 2020 జనవరిలో డెన్మార్క్ పరిశోధకులు కేబుల్ హాంట్ పేరుతో మోడెంలలోనే ఒక లోపాన్ని బయటపెట్టారు. దానికి సవరణ పంపవలసింది కంపెనీలు. మోడెం కొనుక్కున్న మనకు ఆ అధికారం లేదు.

హద్దురాయి

పొలం తగాదాల్లో గట్టు ఎంత వెడల్పు అన్నదానికన్నా హద్దురాయి ఎక్కడుంది అన్నదే పెద్ద ప్రశ్న. అమెరికాలో ఫోను తీగకు ఆ రాయిని జరిపింది 1968 నాటి కార్టర్‌ఫోన్ తీర్పు: నెట్‌వర్క్‌కు హాని చెయ్యనంతవరకు చందాదారు తన సొంత పరికరాన్ని తగిలించుకోవచ్చు. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి కంపెనీ హద్దు గోడలోని సాకెట్‌తో ముగుస్తుంది. మోడెంతో సహా అటుపైన అంతా గృహస్థు ఇష్టం. అమెరికాలో 2019 చివర చేసిన చట్టం, చందాదారు సొంత పరికరం వాడుకుంటుంటే దానికి అద్దె వసూలు చెయ్యరాదని నిషేధించింది.

కాని నేటి ధోరణి రాయిని ఇంటిలోపలికి జరపడం వైపే ఉంది. మోడెం, రౌటర్, ఫైర్‌వాల్, వైఫై అన్నీ ఒకే పెట్టెలో పెట్టి కంపెనీయే ఇస్తుంది. ఫోను యాప్ లోంచి దాన్ని చూడవచ్చు. చిట్టా తెరిచి చదవడానికి మాత్రం వీలు తక్కువ. మూడడుగుల తీగ మాయమైతే దాని తగాదాలూ మాయమవుతాయి. సౌకర్యమే. అయితే మా వృత్తిలో రాత్రివేళ ఇంటినుంచి రోగుల స్కాన్‌లు చూసేవాళ్ళకు, ఇంటినుంచే కొలువు చేసే ఇంజనీర్లకు, ఊళ్ళో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల ఇంటి కెమెరాను ఇక్కణ్ణుంచి చూసుకునేవాళ్ళకు, గడపలో కూర్చున్నవాడు ఎవరి జీతగాడన్నది చిన్న ప్రశ్న కాదు. ఎవరిని రానిచ్చాడో, ఎవరి వివరాలు ఎవరికి చెప్పాడో అడగడానికి అతడు మన మనిషై ఉండాలి. కనీసం అతడి చిట్టా మనకు చదవడం రావాలి.

అందరూ సొంత ఫైర్‌వాల్ కట్టుకోవాలని దీని అర్థం కాదు. అందరూ తమ గుండెకు తామే ఇసీజీ తీసుకోనక్కరలేదు; కాని నాడి ఎక్కడ కొట్టుకుంటుందో తెలిసి ఉండడం మంచిది. కంపెనీ పెట్టే వాడుకున్నా అందులో ఐపీవీ6 ఫైర్‌వాల్ పనిచేస్తోందో లేదో చూడవచ్చు. దాని తొలి పాస్‌వర్డ్ మార్చవచ్చు. బయటివైపు చిరునామా ఏదో తెలుసుకుని ఒక కాగితం మీద రాసి పెట్టుకోవచ్చు. ఒంట్లో బాగున్న రోజున తీసిన ఇసీజీ జబ్బు చేసిన రోజున ఎంత ఉపయోగమో, నెట్ బాగున్న రోజున రాసుకున్న మోడెం కొలతలు అది ఆగిన రాత్రి అంత ఉపయోగం.